పెట్టె మీద 1500 వాట్స్, గోడ దగ్గర 148: బేస్‌మెంట్‌లో 4 గంజాయి మొక్కలకి లైట్ ఎంచుకున్న కేసు

నేను కెనడాలో, ఆంటారియో రాష్ట్రం దక్షిణ కొసన లీమింగ్టన్ చుట్టుపక్కల గ్రీన్‌హౌస్‌లలో లైటింగ్ పని చేస్తా. టమాటా, దోస, క్యాప్సికమ్ ఎకరాలకి ఎకరాలు గాజు కిందే పండుతాయి ఇక్కడ, చలికాలం రాత్రుళ్లు సోడియం లైట్ల వెలుగుకి ఆకాశం నారింజ రంగులో మైళ్ల దూరం కనపడేది, నిద్ర పట్టట్లేదని జనం మొత్తుకుంటే లైట్ బయటికి పోకుండా కర్టెన్లు వేసుకోవాలని మునిసిపాలిటీ రూల్ పెట్టింది. వారం అంతా ఆ పని, శని ఆదివారాలు ఇళ్లలో మొక్కలు పెంచేవాళ్లకి లైట్ సెటప్ చేసిపెడతా. ఈ కేసు అలా వచ్చిందే.

ముందు చట్టం సంగతి చెప్తా ఎందుకంటే చదివేది తెలుగువాళ్లు. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి లీగల్, ఆంటారియోలో ఇంటికి 4 మొక్కల దాకా పెంచుకోవచ్చు, మనిషికి 4 కాదు ఇంటికి 4, క్యూబెక్‌లో ఆ నాలుగు కూడా కుదరదు, 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది. ఆంధ్రా తెలంగాణల్లో అయితే ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం కింద ఒక్క మొక్క పెంచినా జైలే. అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఇంకా గట్టిగా చెప్తున్నా, మీ స్టేట్‌లో లీగల్ అయినా ఫెడరల్ చట్టం దృష్టిలో అది నేరమే, ఎఫ్1, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు దీని జోలికి పోతే ఇమ్మిగ్రేషన్ దగ్గర జీవితం తలకిందులవుతుంది, దయచేసి వద్దు. ఇక్కడ నేను రాసే లెక్కలు కరివేపాకుకీ తులసికీ కూడా పనికొస్తాయి, వాటికి వాడుకోండి.

సరే కేసు. విండ్సర్ వైపు ఒక పెద్దాయన, కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు, ఆయనా భార్యా ఇద్దరే ఉంటారు. మొక్కలు ఎందుకు వేసుకుంటున్నాడన్నది ఆయనకీ ఆయన డాక్టర్‌కీ మధ్య విషయం, నేను అడగలేదు. బేస్‌మెంట్‌లో ఒక మూల 4 అడుగులు బై 4 అడుగుల టెంట్, మొక్కలు పెంచుకునే గుడ్డ గుడారం, అంటే సుమారు 1.49 చదరపు మీటర్లు. ఒక పంట అప్పటికే తీశాడు, నాలుగు మొక్కలకీ కలిపి ఎండిన తర్వాత 118 గ్రాములు వచ్చింది, అది కూడా గట్టిగా లేదు, బడ్స్, అంటే కోసుకునే పూగుత్తులు, దూదిపింజల్లా వేళ్ల మధ్య నొక్కితే అణిగిపోతున్నాయి. ఎరువు మార్చాడు, మట్టి మార్చాడు, విత్తనం మీద కూడా అనుమానపడ్డాడు. ఫోన్‌లో నాతో అన్న మొదటి మాట, "లైట్ మాత్రం ప్రాబ్లమ్ కాదు, 1500 వాట్స్ ఉంది నా దగ్గర" అని.

నేను వెళ్లగానే ఏం చేశానంటే ప్లగ్‌కీ లైట్‌కీ మధ్య వాట్‌మీటర్ పెట్టా. 148 చూపించింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు, మీటర్ పాడైందేమో అన్నాడు, అదే మీటర్‌కి వాళ్ల ఇస్త్రీ పెట్టె తగిలించి చూపించాల్సి వచ్చింది. ఈ 1500 ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పెట్టె మీద రాసేది ఒక్కో ఎల్ఈడీ చిప్ గరిష్ఠంగా ఎంత తట్టుకోగలదో దాన్ని చిప్‌ల సంఖ్యతో గుణించిన అంకె, 15 వాట్ల చిప్‌లు 100 ఉంటే 1500 అని రాసేస్తారు, అవి నిజంగా నడిచేది అందులో పదో వంతు మీద. ఇది చూస్తే నాకు మనసులో మండుతుంది, పెన్షన్ డబ్బుతో కొనుక్కున్న మనిషిని పెట్టె మీద అంకెతో మోసం చెయ్యడం ఇది.

తర్వాత అసలు కొలత. మొక్కకి వాట్లు తెలీదు, లూమెన్లూ తెలీదు. లూమెన్ అనేది మనిషి కంటికి ఎంత వెలుగుగా అనిపిస్తుందో చెప్పే కొలత, మన కంటికి పచ్చ పసుపు ఎక్కువ కనపడతాయి కాబట్టి అవి ఎక్కువ ఉన్న బల్బుకి మార్కులెక్కువ పడతాయి. మొక్క లెక్కపెట్టుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతి కణాలు, ఒక చదరపు మీటరు మీద ఒక సెకనులో ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయి అని, దాన్నే పీపీఎఫ్‌డీ అంటారు. వానలో గిన్నె పెట్టి ఎన్ని చినుకులు పడ్డాయో లెక్కపెట్టినట్టు. ఆ చినుకులన్నీ రోజు మొత్తానికి కలిపితే డీఎల్ఐ.

టెంట్ నేలని 16 గళ్లుగా అనుకుని, మొక్కల తల ఎత్తులో ఒక్కో గడిలో క్వాంటమ్ మీటర్, అంటే ఈ పీపీఎఫ్‌డీ కొలిచే మీటర్, పెట్టి చదివా. మధ్య నాలుగు గళ్లలో 250 దగ్గర, అంచుల్లో 100, మూలల్లో 45. సగటు 124. రాత్రి పొడుగైతేనే ఈ మొక్క పూస్తుంది, అందుకే పూత దశలో రోజుకి 12 గంటలే లైట్ ఇస్తారు కాబట్టి 124 ఇంటూ 12 గంటలు ఇంటూ 3600 సెకన్లు, పది లక్షల మైక్రోమోల్స్ ఒక మోల్, అంటే రోజుకి 5.4 మోల్స్. ఇదే ఊళ్లో జూన్ నెల ఎండలో ఆరుబయట 40 మోల్స్ దాటుతుంది. గంజాయి ఎండ మొక్క, మన మిరప లాగానే నీడలో బతుకుతుంది గానీ కాయదు. ఆ మొక్కలకి ఆయన ఎనిమిదో వంతు అన్నం పెట్టి, అరగట్లేదేమో అని మందులు మార్చుకుంటూ పోయాడు.

ఇంకో విషయం, ఆ ప్యానెల్ ఊదా రంగులో వెలిగే రకం. ఎరుపు నీలం చిప్‌లు మాత్రమే పెట్టి, మొక్కకి పచ్చ కాంతి అక్కర్లేదు అని చెప్పి అమ్మేవాళ్లు ఒకప్పుడు. అది తప్పు, పచ్చ కాంతిని కూడా ఆకు వాడుకుంటుంది, పైగా అది పై ఆకుల్లోంచి దిగి కింది ఆకుల దాకా వెళ్తుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది మనిషికి, ఊదా వెలుగులో ఆకు పసుపెక్కిందా పురుగు పట్టిందా ఏమీ కనపడదు, అన్నీ ఒకే నలుపులో ఉంటాయి. ఆయన మొక్కల కింది ఆకులు పండిపోయి ఉన్నాయి, నేను ఫోన్ టార్చ్ వేస్తే గానీ ఆయనకి తెలీలేదు. వెనకాల తిప్పి చూస్తే కరెంటు భద్రత పరీక్ష పాసైందని చెప్పే సీఎస్ఏ గుర్తు గానీ సీయూఎల్ గానీ సీఈటీఎల్ గానీ ఏదీ లేదు, వైరు సన్నగా ఉంది, ప్లగ్ పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఈ గుర్తుల్లేని కరెంటు సామాను ఆంటారియోలో అమ్మకూడదు, వాడకూడదు. అగ్గి పుడితే ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేది కూడా అదే. కరివేపాకుకి అయినా పెట్టుకుందాం అనలేదు, పారేద్దాం అన్నా.

ఇప్పుడు ఏది కొనాలి. చాలామంది ముందు లైట్ చూస్తారు, నేను ముందు సీలింగ్ చూస్తా, తర్వాత బ్రేకర్ చూస్తా.

వాళ్ల బేస్‌మెంట్ ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు, టెంట్ ఎత్తు 72 అంగుళాలు. అందులో లైట్, అది వేలాడే తాళ్లు కలిపి 8 అంగుళాలు పోతాయి, లైట్‌కీ మొక్కకీ మధ్య 14 వదలాలి, కుండీ దాని కింద పళ్లెం 11. మొక్కకి మిగిలేది 39 అంగుళాలు. సోడియం లైట్ పెడితే బల్బు వేడికి ఆ గ్యాప్ ఇంకా పెంచాలి, మొక్కకి ఎత్తు ఇంకా తగ్గుతుంది.

బ్రేకర్ 15 ఆంప్స్, 120 వోల్ట్స్. కాగితం మీద 1800 వాట్లు, కానీ గంటల తరబడి ఆగకుండా నడిచే లోడ్ 80 శాతం దాటనివ్వకూడదు, అంటే 1440. అదే లైన్ మీద డీహ్యుమిడిఫైయర్ 560, ఫ్యాన్ 40, పాత ఫ్రీజర్ నడిచేప్పుడు 120 దాకా. పెద్దాయన ఫ్రెండ్ ఒకాయన 1000 వాట్ల సోడియం పెట్టుకో, పాతకాలం నుంచీ అదే బెస్ట్ అని చెప్పాడంట. బ్యాలస్ట్‌తో, అంటే ఆ బల్బుని వెలిగించే పెట్టెతో కలిపి అది 1080 లాగుతుంది, అన్నీ కలిస్తే సరిగ్గా 1800, ఒకరోజు కాకపోతే ఒకరోజు ట్రిప్ అవుతుంది, ట్రిప్ అయితే అదృష్టం, అవ్వకుండా గోడలో వైరు కాలితే ఎవరికి చెప్పుకుంటాం. సోడియం చెడ్డ లైట్ అని నేను అనను, దాని కింద టన్నులకొద్దీ టమాటా పండించిన చేతులివి, కానీ అది గాజు కప్పున్న పెద్ద హాలుకి, ఈ మూలకి కాదు.

ఆ తర్వాతే లైట్ లెక్క. ఇంట్లో అదనంగా కార్బన్ డయాక్సైడ్ వదిలేది లేదు కాబట్టి పూత దశకి సగటున 700 మైక్రోమోల్స్ చాలనుకున్నా. 700 ఇంటూ 1.49 అంటే సుమారు 1043. లైట్ నుంచి బయల్దేరిన కాంతి అంతా ఆకు మీద పడదు, కొంత గుడ్డకీ నేలకీ పోతుంది, 85 శాతం చేరుతుంది అనుకుంటే లైట్ 1227 వదలాలి. మంచి తెల్ల ఎల్ఈడీ ఒక జూల్ కరెంటుకి, అంటే ఒక వాట్ ఒక సెకను నడిస్తే, 2.7 మైక్రోమోల్స్ ఇస్తుంది, అంటే 454 వాట్లు. మంచి డబుల్ ఎండెడ్ (రెండు కొసలా బిగించే) సోడియం 1.7 ఇస్తుంది, అదే కాంతికి 720 వాట్లు దాటాలి. ఈ మైక్రోమోల్ పర్ జూల్ అంకె ఒక్కటే నేను డబ్బాల మీద వెతికేది, అది రాయని కంపెనీ లైట్ నేను ముట్టుకోను. అమెరికాలో డీఎల్‌సీ అనే సంస్థ టెస్ట్ చేసిన హార్టికల్చర్ లైట్ల లిస్ట్ ఆన్‌లైన్‌లో పెడుతుంది, ఈ అంకె ఒక కనీస స్థాయిలో ఉంటే గానీ అందులోకి రానివ్వరు, మోడల్ నంబర్ కొట్టి చూసుకోవచ్చు.

480 వాట్ల బార్ టైప్ తీసుకున్నాం, టెంట్ అంతటా పరుచుకునేలా పొడుగ్గా 6 బార్లు, 3500 కెల్విన్ తెలుపు, దాంతో పాటు 660 నానోమీటర్ల ఎరుపు చిప్‌లు కొన్ని. మధ్యలో ఒకే పలక ఉండే రకం కాస్త చవక, వాట్లు అవే, కానీ ఇంత తక్కువ ఎత్తులో దాని కింద మధ్య వైపు కొమ్మలు మాడతాయి, మూల వైపు కొమ్మలకి కాంతి చాలదు. నాలుగు మొక్కలు నాలుగు మూలల్లోనే కదా ఉంటాయి, సరిగ్గా మధ్యలో ఏ మొక్కా ఉండదు, మరి అక్కడ కాంతి కుమ్మరించి ఏం లాభం. డిమ్మర్ ఉండాలి, డ్రైవర్, అంటే ఎల్ఈడీలకి కరెంటు మార్చి ఇచ్చే పెట్టె, విడదీసి టెంట్ బయట పెట్టుకోగలగాలి, ఈ రెండూ అడిగి మరీ తీసుకున్నాం. పన్నుతో కలిపి 560 డాలర్లు అయ్యింది. యూవీ బార్ కూడా పెడితే మత్తు పెరుగుతుందంట కదా అని పెద్దాయన అడిగాడు. మాకు మూడు గంటల దూరంలో గ్వెల్ఫ్ యూనివర్సిటీలో యూవీ-బీ మీద ప్రయోగం చేసి 2021లో పేపర్ వేశారు, దిగుబడి గానీ క్యానబినాయిడ్స్ (మత్తు లాంటి గుణాలిచ్చే పదార్థాలు) గానీ పెరగలేదు, ఆకులు దెబ్బతిన్నాయి అంతే. ఆ డబ్బు పెట్టి థర్మామీటర్ కొనండి అని చెప్పా.

అదే గ్వెల్ఫ్ వాళ్ల ఇంకో పేపర్ ఉంది, అదీ 2021దే, పూత దశలో కాంతి 120 నుంచి 1800 మైక్రోమోల్స్ దాకా పెంచుకుంటూ పోతే దిగుబడి తిన్నగా గీత గీసినట్టు పెరుగుతూనే ఉంది, కానీ బడ్స్‌లో మత్తు పదార్థం శాతం మాత్రం మారలేదు. అది చదివి మరి 1800 పెట్టొచ్చుగా అంటారు. పెట్టొచ్చు, కరెంటు అంత కట్టాలి, నీళ్లు అంత తాగిస్తుంది, ఆ చెమ్మ అంతా లాగాలి, ఇద్దరు ముసలివాళ్ల ఇంట్లో మూలకి అది అక్కర్లేదు.

బిగించాక ఫుల్ మీద గోడ దగ్గర 476 వాట్లు. 14 అంగుళాల కింద అవే 16 గళ్లు కొలిచా. మధ్యలో 850, అంచుల్లో 720, మూలల్లో 560, సగటు 712. రోజుకి దాదాపు 31 మోల్స్. మీటర్ కొనే స్తోమత లేనివాళ్లకి ఒక మాట, తెల్ల ఎల్ఈడీ అయితే మామూలు లక్స్ మీటర్ రీడింగ్‌ని 67తో భాగిస్తే దగ్గరదగ్గరగా పీపీఎఫ్‌డీ వస్తుంది, ఊదా లైట్‌కి మాత్రం ఈ లెక్క అస్సలు పనికిరాదు.

ఇక తప్పు నా వల్ల జరిగింది. పూతకి మార్చేనాటికి రెండో పంట మొక్కలు 24 అంగుళాలున్నాయి. కొత్త లైట్ ఒక్కసారిగా ఫుల్ పెట్టొద్దు, 40 శాతంతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి అని చెప్పా, అంతవరకు కరెక్టే. కానీ పూతకి 12 గంటలకి మార్చిన తర్వాత మొదటి మూడు వారాల్లో ఈ మొక్క దాదాపు రెట్టింపు సాగుతుంది, 24 కాస్తా 48 అవుతుంది, నా లెక్కలోనే మొక్కకి ఉన్న చోటు 39 అని నేనే రాసుకున్నా, అయినా ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. 19వ రోజు ఫోన్ చేశాడు, పై ఆకులు దొన్నెల్లా పైకి ముడుచుకుంటున్నాయి, చివర్లు తెల్లబడుతున్నాయి అని. వెళ్లి చూస్తే తలలు బార్లకి 5 అంగుళాల్లో ఉన్నాయి, మీటర్ 1350. లైట్ పైకి జరపడానికి చోటు లేదు. డిమ్మర్ సగానికి తగ్గించి, కొమ్మలు మెల్లగా పక్కకి వంచి తాళ్లతో కుండీ అంచుకి కట్టాం, రెండు కొమ్మలు విరిగాయి. తెల్లబడిన చివర్లు మళ్లీ పచ్చబడలేదు, అవి అలాగే ఎండాయి. 16, 18 అంగుళాలప్పుడే మార్చమని చెప్పి ఉంటే ఇదేమీ జరిగేది కాదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దాని తర్వాత ఇంకోటి బయటపడింది, ఆకుల మీద తుప్పు మచ్చలు. కాల్షియం తక్కువైంది అని బాటిల్ కొనబోతుంటే ఆపా. టెంట్‌లో 21 డిగ్రీలు ఉంది, జనవరి, బేస్‌మెంట్ నేల ఐసు. సోడియం లైట్ కింద అయితే దాని ఇన్‌ఫ్రారెడ్‌కి ఆకు గాలికంటే వెచ్చగా ఉంటుంది, ఎల్ఈడీ కింద ఆ సెగ ఉండదు, ఆకు చల్లగా ఉండి నీళ్లు పైకి లాగదు, నీళ్లతో పాటు రావలసిన కాల్షియం కూడా రాదు. పాత పుస్తకాల్లో రాసిన 22 డిగ్రీలు సోడియం కాలం నాటివి. 26కి పెంచాం, ఎలాగంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్పీడు తగ్గించాం అంతే, 476 వాట్లంటే గంటకి 1600 బీటీయూలు పైనే వేడి, ఆ వేడిని బయటికి తోలేయకుండా ఉంటే సరిపోయింది. కొత్తగా వచ్చిన ఆకుల మీద మచ్చలు రాలేదు.

టైమింగ్ సంగతి. ఆంటారియోలో మామూలు ప్లాన్ మీద సోమ నుంచి శుక్రవారం దాకా రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా కరెంటు చవక, సరిగ్గా 12 గంటలు, పూత దశకి కొలిచినట్టు సరిపోతుంది. రోజుకి 5.7 యూనిట్లు, నెలకి 171. చలికాలం రాత్రి లైట్ వెలిగితే బేస్‌మెంట్‌కి వెచ్చదనం కూడా. కానీ దీనికి ఒక చిక్కుంది, రాత్రి వెలిగిస్తే పగలు చీకటి కావాలి, చీకటి గంటల్లో కొంచెం వెలుగు లోపలికి పోయినా మొక్క అయోమయంలో పడి పూత ఆపేస్తుంది లేదా విత్తనాలు కట్టేస్తుంది. పగలు లైట్ ఆర్పేసి నేను టెంట్‌లో కూర్చుని జిప్ వేయించుకున్నా, ఐదు నిమిషాలు కళ్లు అలవాటయ్యాక జిప్ కుట్ల వెంబడి చుక్కలు చుక్కలుగా కిటికీ వెలుగు కనిపించింది, డీహ్యుమిడిఫైయర్ మీది పచ్చ డిస్‌ప్లే కూడా. కిటికీకి నల్ల అట్ట, డిస్‌ప్లేకి నల్ల టేపు, జిప్ మీద ఒక దుప్పటి. పెద్దావిడ ఆ దుప్పటికి కొక్కాలు కుట్టి ఇచ్చింది.

ఆ పంట 372 గ్రాములు వచ్చింది, తెల్లబడిన చివర్లు పారేశాక. మూడు రెట్లకి పైన. అంతా లైట్ వల్లే అని నేను చెప్పను, గాలి వేడి కూడా సరిచేశాం కదా, కానీ ఎరువు పాతదే, మట్టి పాతదే, విత్తనం కూడా అదే ప్యాకెట్. బడ్స్ ఈసారి నొక్కితే అణగలేదు.

మొన్న ఏప్రిల్ చివర్లో మూడో పంట గురించి మాట్లాడటానికి రమ్మన్నాడు. మొక్కలు 9 అంగుళాలున్నాయి, డిమ్మర్ 50 మీద రోజుకి 18 గంటలు. నేను మీటర్ తీసేలోపే అట్టముక్క మీద 16 గళ్లు గీసి లక్స్ మీటర్‌తో కొలిచి 67తో భాగించి రాసి పెట్టుకున్నాడు, నా రీడింగ్‌కీ ఆయన అంకెలకీ తేడా 30, 40 కంటే లేదు. ఈసారి ఏ ఎత్తులో 12 గంటలకి మార్చాలి అని అడిగాడు. నేను ఈసారి మార్చొద్దు అన్నా. వెనక పెరట్లో ఎత్తు కంచె ఉంది, దక్షిణం ఎండ పొద్దంతా పడుతుంది, మే చివరికి మంచు భయం పోతుంది. ఆ నాలుగింటినీ వారం రోజులు నీడలో అలవాటు చేసి మెల్లగా బయట పెట్టేస్తే రోజుకి 40 మోల్స్ పైసా ఖర్చు లేకుండా వస్తాయి, ఆగస్టులో పొద్దు తగ్గుతుంటే వాటంతటవే పూతకి వస్తాయి, అక్టోబర్‌కి కోత. లైట్ బార్లు తడిగుడ్డతో తుడిచి, డ్రైవర్ ప్లగ్ పీకి, టెంట్ జిప్ తెరిచి ఆరబెట్టాం. బయటి గేటుకి తాళం ఒకటి కొనమని చెప్పి వచ్చా.